తుడవని బొట్టు

కోయంబత్తూరులో మా మేనమామ గదినిండా పాత కంప్యూటర్లే. ఏది మొరాయించినా ఆయనది ఒకటే మాట: "తుడిస్తే సరిపోతుంది కణ్ణా." వినీ వినీ నాకు విసుగొచ్చేది. లోపలి కార్డులు ఊడదీసి, వాటి లోహపు అంచులను పెన్సిల్ రబ్బరుతో ఓపిగ్గా రుద్ది, మళ్ళీ బిగించేవాడు. చాలావాటికి ఆ మాత్రం చాలేది.

మా అత్త పోయాక, తిరుప్పూరులో వాళ్ళు నడిపిన బనియన్ కంపెనీలో ఆమె వాడిన కంప్యూటర్‌ను బల్లమీదికి తెచ్చాడు. దాని పవర్ సప్లై మార్చాడు, కార్డులు రుద్దాడు. తెర వెలిగి, ఫ్లాపీ పెట్టమంది. అది లేనిదే ఆ కంప్యూటర్ నడవదు. అత్త వాడినవాటిలో మిగిలింది ఒక్క ఫ్లాపీయే.

కవరులోంచి తీసి చూస్తే, నల్లటి రేకు బయటికి కనిపించే సందులో, సరిగ్గా మెషిన్ చదివే చోట, గంధం, కుంకుమ ఎండిపోయి ఉన్నాయి. ఆయుధ పూజనాడు కుట్టు మిషన్లకు, కత్తెరలకు పెడుతూ అత్త దానికీ బొట్టు పెట్టేసింది. గంధంలో ఆమె వేలి గీతలు ఇంకా తెలుస్తున్నాయి.

నేను దూదికి స్పిరిట్ అద్ది, "తుడిస్తే సరిపోతుంది మామా," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్త వేలు కణ్ణా ఇది. విడు, ఉండిపోనీ."

ఫ్లాపీని తిరిగి కవరులో పెట్టేశాడు.

ఇప్పటికీ రోజూ పొద్దున ఆ కంప్యూటర్ వేస్తాడు. అది ఫ్లాపీ అడుగుతుంది.

"లేదప్పా," అని, మామ కాసేపు దాని ముందే కూర్చుంటాడు.