ఖాళీ క్యారేజీ

మా పక్కింటావిడ రాజమండ్రిలో మోకాలి ఆపరేషన్ చేయించుకుంటోందని పూలమ్మే ఆవిడ చెప్పిన ఉదయం నాకు సంతోషం కలిగింది. పైకి అయ్యో పాపం అన్నాను. ఓ మూర పూలు ఎక్కువే తీసుకున్నాను కూడా. లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. మూడేళ్ళుగా ఆవిడ ఎప్పుడు మంచాన పడుతుందా అని ఎదురుచూస్తున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా లేదు. ఎందుకు లేదో చెబుతాను.

మూడేళ్ళ క్రితం నాకు గర్భసంచి తీసేశారు. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ నెల రోజులు బిందె ఎత్తకూడదనీ, పొయ్యి దగ్గర నిలబడకూడదనీ గట్టిగా చెప్పింది. అవి నాట్ల రోజులు. మా ఆయనకి సెంటర్లో ఎరువుల కొట్టు. ఆ రోజుల్లో తెల్లవారేసరికి షట్టర్ ముందు రైతులు నిలబడి ఉంటారు. ఆయనకి వంటింట్లో చేతనైంది టీ ఒక్కటే, అదీ పంచదార ఎక్కువేసి. అమ్మాయి భీమవరంలో హాస్టల్లో ఉంది, దానికి పరీక్షలు. హోటల్ నుంచి భోజనం తెప్పిద్దాంలే అని ఆయన అంటున్న పూటే పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ ఒక్కటే. వాళ్ళది బట్టల వ్యాపారం. హోటల్ తిండి తింటే కుట్లు మానవని, తను ఉండగా మాకు ఆ ఖర్మేంటని అంది. మర్నాటి నుంచి పన్నెండున్నరకల్లా నాలుగు గిన్నెల క్యారేజీ వచ్చేది. అలా అమ్మాయి పరీక్షలైపోయి ఇంటికి వచ్చేదాకా పందొమ్మిది రోజులు వచ్చింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఒకరింటి నుంచి గిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార, నాలుగు పచ్చిమిరపకాయలు, చివరికి పెరట్లో కరివేపాకు రెబ్బలైనా అందులో వెయ్యాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. తల్లి చేస్తుంటే చూసి ఆడపిల్లకి వచ్చేస్తుంది. మగాళ్ళకి రాదు. మా ఆయన పందొమ్మిది రోజులూ ఆ క్యారేజీని సబ్బుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, వాళ్ళ అరుగు మీద పెట్టి కొట్టుకి వెళ్ళిపోయారు. ఇంత శుభ్రంగా కడిగి ఇచ్చానని నా దగ్గర గొప్ప కూడా చెప్పుకున్నారు. నేను లోపలి గదిలో మంచం మీద ఉన్నాను. గిన్నెలు వెళ్తున్నాయని తెలుసు గానీ ఎలా వెళ్తున్నాయో అడగాలని తట్టలేదు.

ఆ సంగతి నాకు శ్రావణమాసంలో తెలిసింది. వీధి చివరింట్లో పేరంటానికి వెళ్తే, పసుపు రాయించుకుంటున్న ఒకావిడ నవ్వుతూ, మీ ఇంట్లో అప్పట్లో పంచదార కూడా నిండుకుందట కదా అంది. నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పక్కింటావిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాపం అంది. పాపం, వాళ్ళింట్లో వెయ్యడానికి ఏమీ ఉన్నట్టు లేదు, పందొమ్మిది రోజులూ ఖాళీ క్యారేజీయే వచ్చింది, పోనీలెండి అందట. పుట్లకొద్దీ ధాన్యం పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ పాపం అన్న మాటని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ఇంటికొచ్చి ఆయన్ని నాలుగు దులిపాను. మర్నాడు సున్నుండలు చుట్టి, పది పెట్టి పంపాను. సాయంత్రానికి ఆ డబ్బాలో పన్నెండు అరిసెలు వచ్చాయి. మా దొడ్లో అరటిగెల కోయించి రెండు అత్తాల చక్కెరకేళీ పంపాను. పళ్ళెం కొబ్బరికాయతో, జాకెట్టు ముక్కతో తిరిగొచ్చింది. కొత్త ఆవకాయ పంపితే మాగాయ, గోంగూర రెండూ వచ్చాయి. నేను ఒకటి పెడితే ఆవిడ ఒకటిన్నర పెట్టేది. పెట్టి, మన మధ్య ఇవన్నీ ఏంటండి అనేది. ఇంకోపక్క, మా వీధిలోకి ఎవరు కొత్తగా అద్దెకి దిగినా వాళ్ళకి నన్ను చూపించి, వదినగారికి ఒంట్లో బాగోనప్పుడు నేను చేసిందేముంది లెండి అని ఆపేది. అలా అంటే ఏం చేశారండీ అని ఎవరైనా అడగకుండా ఉంటారా? అడిగేవాళ్ళు. ఆవిడ చెప్పేది. నేను పక్కనే నిలబడి తల ఊపాలి.

"నువ్వు ఆవిడకి బదులు తీర్చుకుంటున్నావా, ఆవిడతో కుస్తీ పడుతున్నావా?" అని మా ఆయన అడిగారు. కుస్తీయే. మొదలుపెట్టించింది ఎవరండీ అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకి నాకు తెలిసొచ్చింది. సున్నుండలతో ఇది తీరేది కాదు. మంచాన పడ్డప్పుడు వండి పెట్టిన మనిషికి, ఆ మనిషి మంచాన పడ్డప్పుడు వండి పెట్టాలి. ఇంకేం చేసినా చాలదు. అది తీరితేనే నేను ఆవిడ ముందు తల ఎత్తుకుని నిలబడగలను. అందుకని ఎదురుచూశాను. గోడ అవతల దగ్గు వినబడితే ఆశపడ్డాను. ఆవిడ గుండ్రాయిలా ఉండేది. చలికాలంలో కూడా చన్నీళ్ళ స్నానం చేసేది. చివరికి దేవుడు ఆవిడ మోకాళ్ళ వైపు చూశాడు.

మా ఇంట్లో చేపలో రొయ్యలో లేకుండా వారం గడవదు. వాళ్ళు నీచు ముట్టరు. నీచు తగిలిన గిన్నెలో వండి పంపితే అది ఇంకో కథ అవుతుంది. తణుకు వెళ్ళి కొత్త గిన్నెలు, కొత్త గరిటెలు, కొత్త క్యారేజీ కొన్నాను. నాలుగు గిన్నెలది చేతిలో పట్టుకున్నాక, ఐదు గిన్నెలది కూడా ఉందమ్మా అన్నాడు కొట్టతను. పేరంటం గుర్తొచ్చి ఐదు గిన్నెలదే తీసుకున్నాను. పందొమ్మిది రోజులు ఇంట్లో చేప వండనని చెప్తే మా ఆయన మొహం చిన్నబోయింది.

ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే పన్నెండున్నరకి వెళ్ళాను. ముందుగదిలో దివాన్ మీద, కాలు కింద దిండు పెట్టుకుని ఉంది. వాళ్ళాయన షాపులో ఉన్నాడు, ఇంట్లో పనిమనిషి తప్ప ఎవరూ లేరు. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, బెండకాయ పులుసు, పెరుగు తీసుకెళ్ళాను. ఎందుకండీ మీకు శ్రమ అంది. శ్రమేముందండీ అన్నాను. ఆవిడ పనిమనిషి వైపు చూసి కళ్ళతోనే ఏదో చెప్పింది. పది నిమిషాల్లో క్యారేజీ కడిగి తెచ్చి నా చేతికిచ్చారు. బరువుగా ఉంది. ఇంటికొచ్చి మూత తీస్తే ఒక గిన్నెలో పంచదార, ఒకదాన్లో కందిపప్పు, ఒకదాన్లో ఎండుమిరపకాయలు, ఒకదాన్లో జీడిపప్పు, అడుగుదాన్లో బెల్లం ఉన్నాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మనిషి లేచి బాత్రూమ్‌కి వెళ్ళలేదు, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తే మూలుగుతుంది, కానీ నా క్యారేజీని మాత్రం ఒక్కపూట ఖాళీగా పంపలేదు. పదోరోజుకి నా వంటింట్లో డబ్బాలన్నీ నిండిపోయాయి. ఈ నెల సరుకులు తేనక్కర్లేదన్నమాట అని మా ఆయన సంబరపడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వండుకెళ్తున్నది ఆవిడ తింటోంది, అయినా ఆవిడ చెయ్యే పైన ఉంది. వీధిలో ఏం చెప్పుకుంటారో నాకు ముందే వినబడుతోంది. పాపం, కాలు కదపలేకపోయినా ఖాళీ గిన్నె పంపలేదండీ అంటారు ఆవిడ గురించి.

పదిహేడో రోజు పనిమనిషి వంటింట్లోకి క్యారేజీ పట్టుకెళ్తుంటే ఆపాను.

"ఖాళీగా ఇచ్చెయ్యండి వదినగారూ. ఒక్కరోజు."

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తామండి," అంది ఆవిడ. "మా ఇంట్లో ఆ అలవాటు లేదు."

మూడేళ్ళు మింగిందంతా అప్పుడు బయటికొచ్చింది. మా ఆయనకి పద్ధతి తెలియదని, నేను లేవలేని స్థితిలో ఉన్నానని ఆవిడకి బాగా తెలుసుననీ, తెలిసే పేరంటంలో నలుగురి ముందూ నా పరువు తీసిందనీ అన్నాను. అన్నం పెట్టిన చేత్తోనే మొహం మీద కొట్టారు అన్నాను. గొంతు పెద్దదే అయింది. పనిమనిషి క్యారేజీ అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను అలిసిపోయేదాకా ఆవిడ ఆగింది. ఆ తర్వాత దిండు సర్దుకుని, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"గిన్నెలో ఏమీ వెయ్యలేదని కాదండి నా బాధ. పందొమ్మిది రోజులు వండాను. ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో, బాగుందనో బాగోలేదనో ఒక్కమాట రాలేదు. సున్నుండలు పంపారు, అరటిపళ్ళు పంపారు. ఆ మాట ఇవాళ్టికీ చెప్పలేదు." అప్పుడు తలెత్తి చూసింది. "ఇప్పుడు చెప్పండి. ఎలా ఉండేది?"

ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. కాలి నొప్పివి అనుకోవడం నాకు సుఖంగా అనిపించింది.

"మందుల నోరు కదండీ," అన్నాను. "రుచి తెలియలేదు."

సరేనండి అంది. పనిమనిషిని పిలిచి, ఇవన్నీ గిన్నెల్లోకి తీసేసి, క్యారేజీ కడిగి వదినగారికి ఇచ్చెయ్యమంది. కడిగి ఇచ్చారు. తేలిగ్గా ఉంది. మిగిలిన రెండు రోజులూ వండుకెళ్ళాను, రెండు రోజులూ ఖాళీగానే వచ్చింది. పందొమ్మిది అయింది. ఇరవయ్యో రోజు మా ఆయన మార్కెట్‌కి వెళ్ళి చేపలు తెచ్చుకున్నారు. నేను అడిగింది నాకు దక్కింది. వీధిలో ఎవరి దగ్గరా ఆవిడ ఇప్పుడు నా క్యారేజీ సంగతి ఎత్తదు. మా రెండిళ్ళ మధ్యా అప్పటి నుంచి ఒక్క గిన్నె తిరగలేదు. వాకిట్లో ఎదురుపడితే బాగున్నారా అంటుంది, బాగున్నామండి అంటాను. ఆవిడ గర్వం గురించి నా అభిప్రాయం మారలేదు.

కానీ నేను చెప్పింది అబద్ధం. మా అమ్మ పోయాక, నా కోసమని ఒక మనిషి వండి పంపడం అదే మొదలు. ఆవిడ పప్పుచారులో ఇంగువ ఎంత వేసేదో ఇప్పటికీ నా నాలుకకి తెలుసు. పన్నెండు కాకుండానే గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. కూర గిన్నె అడుగున మిగిలింది వేలితో తీసుకుని తిన్న రోజులున్నాయి. తలుపు దగ్గరగా వేసుకుని తిన్నాను, మా ఆయన చూస్తారని. ఆవిడ నోరు తెరిచి అడిగింది. బాగుండేదండీ అంటే సరిపోయేది. అనలేదు. రేపు మళ్ళీ అడిగినా అంటానన్న నమ్మకం నాకు లేదు.