మొవ్వు విడిచి

నా చేతిరాత బాగుంటుందని అప్పట్లో నాకు కాస్త గర్వం. మా పేట ఆడవాళ్ళలో అయిదో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళయిన మూడో ఏడు నా భర్త జ్వరంతో పోయాడు. పుట్టింట్లో రమ్మని పిలిచే దిక్కు లేదు. అత్తగారు ఉండమన్నారు, ఉండిపోయాను. అన్నం వడ్డించినప్పుడల్లా "మీ దయ అత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ విననట్టే ఊరుకునేవారు.

ఆగిరిపల్లికి అవతల, మామిడి తోటలు ఆగి గుట్టలు మొదలయ్యే చోట ఉండేది మా పేట. గుట్ట నిండా ఈతచెట్లు. వాటి మట్టలు తెచ్చి, చీల్చి, గంపలు అల్లడమే మా పని. నూజివీడు కాయ రైలెక్కాలంటే మా గంపలో కూర్చునే ఎక్కాలి. మట్ట కొయ్యడం అత్తగారే నేర్పించారు. ముళ్ళు గుచ్చుకుని నేను గంతులేస్తుంటే, "చదువుకున్న చెయ్యి కదా, సుకుమారం" అని ఏడిపించేవారు.

గుట్ట జమీందారు గారిదని అందరూ అనేవాళ్ళు. జమీందారీలు పోయాక సర్కారుదైంది. కొన్నాళ్ళకి దండోరా వేశారు. అడవి పల్చబడుతోంది, గుట్టను రిజర్వు చేస్తున్నాం, ఇక ఎవరూ ఏమీ కొయ్యకూడదు, ఎవరికైనా హక్కులుంటే గడువులోగా అర్జీ పెట్టుకోండి అన్నారు. అడవిని కాపాడతామంటే కాదనేవాళ్ళెవరు? కానీ మట్టలు లేకపోతే మా పేటలో పొయ్యి వెలగదు.

అర్జీ నేనే రాశాను. "మహారాజశ్రీ సెటిల్మెంటు ఆఫీసరు గారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి, "పూర్వము నుండి జమీందారు గారి దయ వలన ఈతమట్టలు తెచ్చుకొనుచున్నాము" అని రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

విచారణ స్కూలు వరండాలో జరిగింది. ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని సరిగ్గా ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"దయ వల్ల అని మీరే రాశారు. దయ అనేది చూపిస్తే ఉంటుంది, మానేస్తే పోతుంది. అది హక్కెలా అవుతుంది? ఆ దయ జమీందారు గారితోనే పోయింది."

ఆయన మాటలో కోపం లేదు. అందుకే మరీ భయమేసింది. పేటవాళ్ళంతా నా వైపు చూశారు. ఇంతమంది కూడు నా రాత వల్ల పోయిందనుకుని ఏడ్చేశాను.

అప్పుడు అత్తగారు లేచారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

"ఆ మాట మా కోడలు మర్యాదకి రాసిందండి. అర్జీ అంటే అట్టాగే రాయాలంట. పైన తమర్ని మహారాజశ్రీ అని కూడా రాసింది. తమరికి రాజ్యం ఉందాండీ?"

ఆఫీసరు కాగితం పైవరస చూశాడు. ముందు ఆయన గుమాస్తా నవ్వాడు, తరవాత ఆయనా నవ్వాడు.

"లేదమ్మా. మరి జమీందారు గారిని అడిగే కోసేవారా?"

"అడగడమేంటండీ? మా అత్త కోసింది, వాళ్ళ అత్త కోసింది. పట్టపగలు, అందరూ చూస్తుండగానే తెచ్చుకున్నాం. ఒక ఏడు ఆయన మనుషులు అడ్డమొచ్చారు. మేం గంపలు అల్లడం మానేశాం. ఆయన తోటలో కాయ తోటలోనే కుళ్ళింది. మళ్ళీ ఎవరూ అడ్డం రాలేదు."

"ఇష్టమొచ్చినట్టు కోస్తే చెట్లు మిగులుతాయా?"

"నడిమి మొవ్వు ముట్టుకోమండి, ఆ లేత చిగురు తీస్తే చెట్టే చచ్చిపోద్ది. చుట్టూ ఉన్న ముదురు మట్టలే తీస్తాం. మొవ్వు తీసిన ఇంటికి మా పేటలో పిల్లనివ్వరు. కావాలంటే వచ్చి చూడండి."

ఆయన నిజంగానే వచ్చాడు. ఎండలో గుట్టెక్కి, చెట్టు చెట్టుకీ ఆగి లేత మొవ్వులు చూసుకున్నాడు. అర్జీలో రాసిన మాట పట్టుకుని అక్కడితో కొట్టేసినా అడిగేవాళ్ళు లేరు. మాలాంటివాళ్ళ నోటిమాట కోసం గుట్టెక్కిన ఆఫీసరు నాకు మళ్ళీ తారసపడలేదు. ఆ మనిషికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఉత్తర్వు వానలు పడ్డాక వచ్చింది. నేనే చదివి వినిపించాను. గుట్ట రిజర్వే, అయితే మా పేటవాళ్ళు "వాడుక హక్కుగా, మొవ్వు విడిచి" ముదురు మట్టలు కోసుకోవచ్చు. సర్కారు కాగితంలో మా అత్తగారి మాట! ఆ ముక్క ఆవిడ నాచేత మూడుసార్లు చదివించుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డిస్తుంటే అలవాటు చొప్పున నోరు జారింది.

"మీ దయ అత్తయ్యా."

ఆవిడ గరిటె కుండలోనే వదిలేశారు.

"దయేంటే? ఆఫీసరు చెప్పింది విన్లేదా? దయైతే నాతోనే పోద్ది. ఇది నీ ఇల్లు. అడక్కుండా వడ్డించుకో."

కుండ దగ్గరికి జరిగి ముందు ఆవిడకి, తరవాత నాకు వడ్డించాను.