మడికి పది అడుగుల ముందు

నా చిన్నప్పుడు ఎవరికైనా ‘వద్దు’ అని చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. ఇప్పటికీ పెద్దగా చేతకాదు గానీ, అప్పట్లో అది ఒక జబ్బులా ఉండేది. పక్కన కూర్చున్న పిల్ల పెన్ను అడిగితే ఉన్న ఒక్క పెన్నూ ఇచ్చేసి, నేను పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. పైకి అనలేని మాటలన్నీ డైరీలోకి వెళ్లేవి. పదో తరగతి ఏడాది డైరీలో ఆఖరి పేజీలన్నీ ఒకేలా మొదలవుతాయి. ఇంకా పద్నాలుగు రోజులు. ఇంకా పదమూడు రోజులు. అక్షరాలు రోజురోజుకీ చిన్నవైపోతూ ఉంటాయి.

సూర్యాపేటలో జరగబోయే ఒక ప్రవేశ పరీక్ష కోసం ఆ లెక్క. అమ్మాయిలను హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివించే కళాశాల అది. పరీక్షలో సగం మార్కులు ఒకే ఒక్క వ్యాసానికి. ఏ అంశం ఇస్తారో ఎవరికీ తెలియదు. సాధారణ జ్ఞానం నుంచి ఇస్తామన్నారు, అంటే ఆకాశం కింద ఉన్నదేదైనా అడగొచ్చు.

మా అమ్మానాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పని చేసేవారు. నాన్న బస్తాలు మోసేవాడు, అమ్మ కల్లంలో వడ్లు ఆరబోసేది. మిల్లు వెనక రేకుల గదిలో నన్ను ఉంచుకునే వీలు లేక, నడిగూడెం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటున్న మా మేనత్త దగ్గర వదిలారు. ఆ ఊరి బడి పదో తరగతితో అయిపోతుంది. కాలేజీకి కోదాడ వెళ్లి రావాలంటే, ఊరికి వచ్చే ఒక్క బస్సూ క్లాసులు మొదలయ్యాక వచ్చేది. కిక్కిరిసిన ఆటోల్లో రోజూ పంపడానికి నాన్న ఒప్పుకోలేదు. కాబట్టి హాస్టల్ సీటు రాకపోతే చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఆ సంగతి అమ్మ ఫోన్లో ఎంతో మెత్తగా చెప్పింది. “సీటొస్తే సదువుకో బిడ్డా. రాకుంటే ఏం జేస్తం, నా దగ్గరికొచ్చెయ్. మేస్త్రికి చెప్పి పెట్టిన, కల్లంల ఇంకో మనిషి కావాల్నట.” ఆమె నన్ను బెదిరించలేదు, ఓదార్చింది. అందుకే నాకు మరింత భయం వేసింది. ఆ కల్లం నేను చూశాను. ఎండలో వరసగా నడుస్తూ కాళ్లతో వడ్లు కదిలించే ఆడవాళ్లను చూశాను. అందులో నా వయసు వాళ్లూ ఉన్నారు.

కోదాడలో కొన్న గైడులో నలభై వ్యాసాలు ఉండేవి. రోజుకు నాలుగు చొప్పున బట్టీ పట్టడం నా ఉపాయం. అది ఎలా ఉందో చూద్దామని మా తెలుగు టీచరు ఒకరోజు నీటి పొదుపు మీద రాయమన్నారు. ఎనిమిది పేజీలు నింపాను. తిరిగొచ్చిన కాగితం మీద ఎర్ర సిరాతో ఇరవై అయిదుకు ఆరు మార్కులు, కింద ఒక వాక్యం: “అన్నీ ఉన్నాయి, ఏమీ లేదు.” నాకు అర్థమైంది ఒక్కటే, నేను చదివింది చాల్లేదని. మర్నాటి నుంచి రోజుకు ఆరు వ్యాసాలు మొదలుపెట్టాను. ఒకటి గుర్తొస్తే ఇంకొకటి జారిపోయేది. పొద్దున్నే లేచేసరికి, నిన్న చదివినదంతా ఎవరో తుడిచేసినట్టు ఉండేది. మా మేనత్త చూడకుండా పెరట్లోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

ఆమె కష్టం ఆమెకు ఉంది. మా మేనత్తది కాలువ చివరి మడి. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలిన చిన్న కాలువ ఒకటి మా ఊరి పొలాల మధ్య నుంచి పారేది. దాని పొడవునా గట్టుకు, పొలాల్లోకి నీళ్లు వదిలే తూములు ఉండేవి. పై వాళ్లకు కొన్ని రోజులు, కింది వాళ్లకు కొన్ని రోజులు నీళ్ల వంతులు. ఆ ఏడు ఆమె యాసంగి నాట్లు ఆలస్యంగా వేసింది. వరి పాలు పోసుకుంటోంది. ఇంకొక్క తడి అందితే గింజ పడుతుంది, లేకపోతే గింజ లేని తాలే. ఆ తడికి మాకు దక్కిన వంతు ఒకే ఒక్క పగలు. ఆ తర్వాత కాలువ బంద్ అని ముందే చెప్పేశారు.

పరీక్ష ఇంకా ఏడు రోజులు ఉందనగా ఆ పగలు వచ్చింది. మా వంతు రోజున పై తూములన్నీ మూసి ఉండాలి. కానీ మనిషి కాపలా లేకపోతే ఏ తూమూ మూసి ఉండదని ఊళ్లో అందరికీ తెలుసు. పై తూముల దగ్గర గట్టి మనుషులు ఉంటారు కాబట్టి అటు తాను వెళ్తానంది మా మేనత్త. మధ్యలో మూడు తూములు దగ్గర దగ్గరగా ఉండేవి. వాటిలో గడ్డి కూరిన గోనె సంచులు కుక్కి, పైన బురద మెత్తి, నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

“నీ పుస్తకం గీడనే సదువుకో, కోడలా. ఎవలొచ్చినా ఇడువకు. ఇయ్యాల మన వంతు. తెల్సిందా?”

తలూపాను. ఇరవై ఏడో వ్యాసం తెరిచాను.

ముందు ఒక ముసలాయన వచ్చాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ గట్టు మీద నిలబడ్డాడు. “ఏం సదువే అది, కలెక్టరు సదువా? కలెక్టరమ్మా, జర గా సంచి పక్కకు జరుపు. నా మిరపతోట నోరెండుతాంది. బీడీ కాల్చేంత సేపే.” నేను తల ఎత్తలేదు. ‘మా వంతు’ అని చెప్పాల్సింది పోయి పేజీ తిప్పాను. ఆయనే సంచి లాగి వెళ్లిపోయాడు.

అది చూసి ఇంకొకామె వచ్చింది. “నీకు దండం పెడ్త బిడ్డా, బర్రెకు ఏసిన గడ్డి మాడిపోతాంది.” తలూపాను. కాసేపటికి గంప నెత్తిన పెట్టుకుని పక్కింటి అక్క వచ్చింది. “ఆళ్లకిచ్చినవ్, నాకియ్యవా? నేనేం పాపం జేసిన?” ఆమెకూ తలూపాను. మూడు తూములూ తెరుచుకున్నాయి. బీడీ కాల్చేంత సేపు అయిపోయింది, ఇంకా ఎంతో సేపు గడిచింది, మూయడానికి ఎవరూ తిరిగి రాలేదు. మా కాలువలో నీళ్లు సన్నబడటం నాకు కనపడుతూనే ఉంది. నేను పుస్తకంలోకి ఇంకా వంగి, ఇరవై ఏడో వ్యాసం పైకి వల్లించాను.

ఎండ వాలుతుండగా మా మేనత్త వచ్చింది. తూములను చూసింది, నన్ను చూసింది. చీర ఎగదోపుకుని దిగి, సంచులు మళ్లీ కుక్కి, బురద కాలితో తొక్కింది. గట్టెక్కి “పా” అంది. ఇద్దరం కాలువ వెంట కిందికి నడిచాం. మోకాలి లోతు నీళ్లు చీలమండకు తగ్గాయి. ఆ తర్వాత తడి మాత్రమే మిగిలింది. ఒకచోట ఆ తడి కూడా నాలుకలా సన్నగా సాగి ఆగిపోయింది. దాని అంచు దాకా వచ్చిన చీమలు వెనక్కి తిరుగుతున్నాయి. అక్కడికి పది అడుగుల అవతల ఆమె మడి, నెర్రెలు విచ్చిన నేలలో పచ్చగా నిలబడి ఉంది.

తిడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఆ తడి అంచు పక్కనే గొంతుక్కూర్చుంది.

“కాలువల నీళ్లు తక్కువున్నయా?”

“లేవు అత్తమ్మా. మస్తుగనే వచ్చినయ్.”

“మరేమైనయ్?”

“అడిగినోళ్లకల్ల ఇచ్చిన.”

ఆమె నా చేతిలో పుస్తకం వైపు చూసింది. అందులో గుర్తుకు పెట్టుకున్న కాగితం బయటికి కనపడుతోంది. అది ఎర్ర సిరా పడిన నా వ్యాసమే. మా మేనత్తకు చదవడం రాదు, కానీ నేను దాన్ని చూసి ఏడవడం ఆమెకు ఎప్పుడో తెలుసట. “ఈ నీళ్లొచ్చేదాంక పనేం లేదు గద. సదువు, ఇంట” అంది.

చదివాను. ఆమె కాలువ వైపే చూస్తూ వింది. రెండో పేజీలో ఆపింది.

“జర ఆగు. మొదాల ఇంట్ల నీళ్లు పారబొయ్యొద్దన్నవ్. గది ఏమాయె?”

“వదిలేసిన.”

“నదుల పేర్లు జెప్పినవ్. అవేమాయె?”

“అవీ వదిలేసిన.”

“చెట్లు నాటాలన్నవ్?”

నేను కాగితం మడిచాను.

“ఎవలొచ్చి నిలబడితే ఆళ్లకు తూము తీసినవ్ కోడలా, గీ కాయితంల గూడ” అంది మెల్లగా. “గిది ఏ మడికి పోవాల్నో మొదాల నీకు ఎరుకుండాలె. తక్కినయి ఎంత మంచియైనా మూసుడే.”

అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. మడి కోసమో, మార్కుల కోసమో తెలియకుండా ఏడ్చాను. నేను ఏడుస్తుండగానే తడి అంచు కదిలింది. నీళ్లు వేలెడంత, జానెడంత ముందుకు వచ్చి చివరికి మడిలో పడ్డాయి. కానీ పొద్దుగూకేసరికి సగం మడే తడిసింది. మిగతా సగానికి వంతు అయిపోయింది.

మర్నాడు ఊళ్లో ఎవరో అడిగారు, సగమే తడిసిందేమని. “పైకెల్లే తక్కువిడిసిండ్రు” అంది మా మేనత్త. నా వైపు చూడను కూడా చూడలేదు.

మిగిలిన ఆరు రోజులు నా చదువు వేరుగా సాగింది. ఆమె కూలికి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ నాకు ఏదో ఒక అంశం ఇచ్చేది. “ఫోన్ల మీద జెప్పు” అనేది. నేను దాన్ని కనిపెట్టిన వాళ్లతో మొదలుపెట్టేదాన్ని. “మూసెయ్. మనింట్ల ఫోను ఏం జేస్తాంది?” అమ్మ గొంతు వినిపిస్తుందని చెప్పేదాన్ని. “ఆ, గా నీళ్లను పోనీ.” అలా దోమలు, కరెంటు, ఎరువులు, ఆడపిల్లల చదువు. నేను పక్కకు జారినప్పుడల్లా ఆమె తల ఎత్తకుండానే “మూసెయ్” అనేది. గైడును నేను పారేయలేదు. కానీ ఒక్కో వ్యాసంలోంచి నా మాటకు పనికొచ్చే ఒక్క సంగతే తీసుకున్నాను. ఏ అంశమైనా అన్నిటికంటే ముందు చివరి వాక్యం రాసుకోవడం నేర్చుకున్నాను. అది నా చివరి మడి. మొదటి వాక్యం నుంచి నీళ్లు అక్కడికే చేరాలి. అయినా భయం పోలేదు. ఆరు రోజుల్లో ఆరు వ్యాసాలే రాశాను, మిగతా లోకమంతా చదవకుండా మిగిలిపోయినట్టే అనిపించింది.

సూర్యాపేట పరీక్ష హాల్లో బోర్డు మీద అంశం రాశారు. గ్రామాల అభివృద్ధిలో రవాణా సౌకర్యాల పాత్ర. అది గైడులో పదకొండోది. మూడు పేజీలూ పొల్లు పోకుండా నాకు వచ్చు. పక్క బెంచీ అమ్మాయి ఆ గైడులోని మొదటి వాక్యమే రాస్తోంది. ముందు బెంచీలోనూ అదే. తెలిసిన దాన్ని వదిలేసి తెలియని దారిలో పోవడానికి నాకేమైనా పిచ్చా? సీటు పోతే అమ్మ పక్కన కల్లంలో నడుస్తూ ఈ నిమిషాన్ని ఎన్నిసార్లు తలచుకోవాలి? పది నిమిషాలు పెన్ను కదల్లేదు.

తర్వాత చిత్తు కాగితం అడుగున ఒక వాక్యం రాశాను. ‘పొద్దున ఎనిమిదికి మా ఊరికి ఒక బస్సు వచ్చి ఉంటే, నేను ఈ రోజు ఈ హాల్లో కూర్చోవాల్సిన అవసరం ఉండేది కాదు.’ అక్కడికి చేరడానికే మొదటి వాక్యం మొదలుపెట్టాను. రాస్తున్నంత సేపూ ఒక్కొక్కటే వచ్చి గట్టు మీద నిలబడ్డాయి. జాతీయ రహదారులు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, విమానాలు కూడా వచ్చాయి. ఎంతో కష్టపడి నేర్చుకున్నవి, నాకేం పాపమని అడుగుతున్నాయి. నా బతుకులో మొదటిసారి నేను వద్దన్నాను. రెండున్నర పేజీలకే వ్యాసం అయిపోయింది. చుట్టూ అందరూ అదనపు కాగితాలు అడుగుతుంటే, నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

సీటు వచ్చిన వాళ్ల జాబితాలో నా పేరు కింది నుంచి నాలుగోది. ఆ ఏడు నేను కల్లానికి వెళ్లలేదు.

జాబితా వచ్చే నాటికే వరి కోతలు అయిపోయాయి. కోతకు ముందురోజు నేను ఒక్కదాన్నే మడికి వెళ్లాను. కాలువ వైపు సగంలో వెన్నులు వంగి ఉన్నాయి. అవతలి సగంలో నిటారుగా తెల్లగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని తెంపి నలిపితే పొట్టు తప్ప ఏమీ రాలేదు. ఇంకొకటి తెంపి డైరీలో పెట్టుకున్నాను. హాస్టల్‌కు బయల్దేరిన రోజు మా మేనత్త ఆ పంట బియ్యమే సంచిలో పోసి ఇచ్చింది. సగం మడి సంగతి అప్పుడూ ఎత్తలేదు, తర్వాత ఇన్నేళ్లలోనూ ఎత్తలేదు. మా అమ్మానాన్నకు ఈనాటికీ తెలియదు.

ఆ తాలు వెన్ను ఇప్పటికీ నా దగ్గరే ఉంది. డైరీలు మారినప్పుడల్లా దాన్ని కూడా కొత్త దాంట్లోకి మార్చుకుంటాను. ఏదైనా రాయడానికి కూర్చున్నప్పుడు దాన్ని ఒకసారి చూసి, ముందుగా ఆఖరి వాక్యం రాసుకుంటాను. ఈ నాలుగు పేజీలకు కూడా అలాగే రాసుకున్నాను. రాసుకుని, దాని దగ్గరికి రావడానికి ఇంత దూరం నడిచాను. ఆ రోజు మా మేనత్త మడికి పది అడుగుల ముందు నీళ్లు ఆగిపోయాయి, వాటిని ఆపింది నేను.