ఖరాబు కాని మూడు ఫిల్ములు

ఫిల్మ్ నగర్ వాళ్లకి ఒక జబ్బుంది. ఏది సరిగ్గా రాకపోయినా ఇంకో టేక్ తీస్తే వస్తుందనుకుంటారు. ఆ జబ్బును నేను వాడుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నా మీద జాలి పడమని అడగను.

తొంభైల మొదట్లో జూబ్లీహిల్స్‌లో ఒక పళ్ల క్లినిక్‌లో డాక్టరుగా పనిచేసేదాన్ని. తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే ఫిల్ము మీదకు తెచ్చే ఎక్స్‌రే యంత్రం మాకు కొత్తగా వచ్చింది. దాంతో దవడ కీళ్ల అరుగుదల మీద ఒక పేపరు రాసి, పెద్ద డాక్టర్ల ముందు చదవాలని నా ఆరాటం. అప్పుడొచ్చింది ఆమె. యూసుఫ్‌గూడలో కిరాయికుండే డబ్బింగ్ ఆర్టిస్టు, నలభై దాటలేదు. హీరోయిన్ల తల్లులకీ చెల్లెళ్లకీ ఏడుపులూ కేకలూ ఆమెవే. రీలు ముక్కను గుండ్రంగా అతికించి, అదే సీనును తెర మీద తిప్పుతూనే ఉండేవారట. తెర మీది పెదాలకు అరుపు అతికేదాకా, పాతికసార్లయినా సరే, నోరంతా తెరిచి అరవాలి. ఇప్పుడు నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమంటోంది. ఆ టక్కు మైకులో పడుతోంది. అది పోకపోతే పిలవడం మానేస్తారని ఆమె భయం.

సీసపు ఏప్రాన్ నేనే కట్టి, నోరు మూయించి, తెరిపించి, రెండూ ఒకే ఫిల్ము మీద తీశాను. ఆమె ఏప్రాన్ విప్పి మడతపెట్టబోతే, మడత పడితే లోపల సీసం పగులుతుందని, హ్యాంగరుకే తగిలించాలని చెప్పాను. తర్వాత ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూపించాను. ఎడమ కీలు గోలీలా గుండ్రంగా ఉంది. కుడిది పైన చదునైపోయి, ముందుకు చిన్న ముక్కులా ఎముక పెరిగింది. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసి నొచ్చుకుంది.

"కుడిదిక్కు ఖరాబైంది డాక్టరమ్మా. నేనే కదిలినట్టున్న. జర ఇంకో టేక్ తియ్యుండ్రి."

నవ్వొచ్చింది. ఖరాబైంది ఫిల్ము కాదమ్మా, నీ కీలు అని చెప్పబోయాను కూడా. అంతలో ఒక దురాశ పుట్టింది. ఒకే మనిషి కీలు ఆర్నెల్లకోసారి ఎలా మారుతుందో చూపించే ఫిల్ములు నాకు తెలిసి ఎవరి దగ్గరా లేవు. పళ్ల మీద పెట్టుకునే గట్టి తొడుగు చేసిచ్చి, అరుపులు మానెయ్యమంటే అరుగుదల నెమ్మదించేది. నెమ్మదిస్తే నా పేపరుకు ఏం మిగులుతుంది? నొప్పి మాత్రలు రాసిచ్చి, ఆర్నెల్ల తర్వాత రా, మళ్లీ తీద్దాం అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వచ్చింది. తనే ఏప్రాన్ కట్టుకుని, గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. రెండో ఫిల్ములో ఆ ముక్కు ఇంకా పొడుగైంది. ఈసారి కూడా మంచిగా రాలేదని ఆమె చిన్నబుచ్చుకుంటే, నేను లోపల సంబరపడ్డాను. ఛీ, రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మూడోసారి వచ్చేసరికి ఆమెకు మొట్టమొదటిసారి హీరోయిన్ గొంతు దక్కింది, సినిమా మొత్తానికీ. సగం రీళ్లు చెప్పాక దవడ పట్టేసింది. నోట్లోకి రెండు వేళ్లు కూడా దూరడం లేదు. నోరు తెరవలేనంటే అక్కడ ఎవరూ నమ్మడం లేదట, హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పేసరికి పొగరెక్కిందంటున్నారట. మంచిగా రాకపోయినా సరే, ఆ రోజు తీసిన ఫిల్ము ఒక్కటిస్తే వాళ్లకు చూపించి, పది రోజులు ఆగమని బతిమాలుకుంటానంది.

"చూపిచ్చి పొద్దుగూకే లోపట తెచ్చిస్త డాక్టరమ్మా."

నేను పేపరు చదవాల్సిన సెమినార్ శనివారం. మూడూ పక్కపక్కన లేకపోతే వరుస తెగిపోతుంది.

"సోమవారం రామ్మా, ఇస్తాను" అన్నాను.

సెమినార్‌లో చప్పట్లు కొట్టారు. ఇంత స్పష్టమైన వరుస అరుదన్నారు. ఆ సాయంత్రం అందరికీ మిఠాయిలు పంచాను.

సోమవారం క్లినిక్ తలుపు తీసేసరికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఫిల్ము కవరు అందించబోతే ఇంక అక్కర్లేదంది. ఆదివారం వేరే అమ్మాయిని పెట్టి మొదటి రీలు నుంచి మళ్లీ చెప్పించడం మొదలుపెట్టారట. ఇదంతా పళ్లు సరిగ్గా విడకుండానే చెప్పింది. చెప్పి, లేచి, లోపలికొచ్చి, అలవాటుగా ఏప్రాన్ తీసి కట్టుకుంది. యంత్రానికి గడ్డం ఆనించింది.

"ఇంకోమారు తియ్యుండ్రి. గీసారి అస్సల్ కదల."

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఒక్క ఫిల్మూ ఖరాబు కాలేదని, మూడూ బాగానే వచ్చాయని, పాడైంది ఆమె కీలేనని చెప్పేశాను.

ఆమె గడ్డం తీసి నా వైపు తిరిగింది.

"మొదటి దాంట్లనే తెలిసిందా మీకు?"

"తెలిసింది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె ఏప్రాన్ విప్పింది. ఎక్కడా మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని, హ్యాంగరుకు తగిలించి, వెళ్లిపోయింది.