బంగారు కొండ, ఊడిన పోగు

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే సునీల్‌కు ఫోటోల పిచ్చి. యూట్యూబే గురువు, పాత కెమెరాయే దేవుడు. కొండగట్టు బండలు పొద్దుటెండకు బంగారంలా మెరిసే ఫోటో తెస్తే కొత్త క్యాలెండర్‌ మీద వేయిస్తానని మగ్గాల యజమాని సేటు మాటిచ్చాడు. అచ్చుకు ఇవ్వడానికి ఇక ఒక్క రోజే మిగిలింది.

ఆ రోజు భార్య కల్యాణితో తెల్లారకముందే వెళ్లి, కొండకు ఎదురుగా స్టాండు పెట్టాడు. ఎండ మెల్లగా బండల మీదికి పాకింది. బూడిద రంగు ఎర్రబడింది. ఎరుపు పసుపుకు తిరుగుతోంది.

"జల్ది కొట్టవయ్యా!" అంటూ కల్యాణి కొండకేసి చెయ్యి చాచింది. ఆ చేతి మీది కొంగు అంచున రెండు పోగులు ఊడి వేలాడుతున్నాయి.

సునీల్ వేలు బటన్‌ను వదిలేసింది. ఊడిన పోగు కనిపిస్తే మగ్గం ఆపి ముడి వేయందే ఊరుకోని చేతులవి. ముడి వేసి తలెత్తేసరికి సూర్యుడు మబ్బులో దూరాడు. కొండ మళ్లీ బూడిద కుప్ప.

"మగ్గం బంద్ జేసినవా?" కల్యాణికి నవ్వాగలేదు. "ఇగ సేటుకు ఏం జూపిస్తవ్?"

సునీల్ కాసేపు మబ్బును తిట్టాడు. తర్వాత కొంగు తిప్పి చూశాడు. "ముడి మాత్రం మంచిగ వడ్డదే."

"అయితే గదే ఫోటో తియ్యి!"

ఆ ఏడు క్యాలెండర్‌ మీద ఎప్పటిలాగే గులాబీ పూలు వచ్చాయి. కల్యాణి దాన్ని సరిగ్గా సునీల్ అన్నం తినే చోటికి ఎదురుగా తగిలించింది.