పెనం అట్ట మీద పన్నెండో నియమం

ఆ రోజుల్లో ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే, దాంతోపాటు వచ్చిన కాగితాన్ని కూడా కూర్చుని చదివేవాళ్లం. ఇప్పుడు డబ్బా విప్పగానే కాగితం చెత్తబుట్టలోకి, వస్తువు పొయ్యి మీదికి పోతున్నాయి. నేను కాగితం చదివే రకం. చదివి ఊరుకోకుండా, అందులో ఉన్నదాన్ని పక్కవాళ్ల చేత పాటింపజేసే రకం కూడా. ఈ రెండో గుణం వల్లే 1985లో బాన్సువాడలో ఒక ప్రాణం మీదికి తెచ్చాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి వరుసగా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పోస్టాఫీసులో గుమాస్తా పని. పొద్దున వెళ్లగానే తేదీ ముద్రలో అంకెలు మార్చి, చిత్తు కాగితం మీద ఒకసారి కొట్టి సరిచూడడం నా మొదటి విధి. ప్రతిరోజూ తేదీని చేత్తో మార్చే మనిషి ఇంటికొచ్చి డైరీ రాయకుండా ఎలా ఉంటుంది? ఒంటరి ఆడపిల్లకు గది కిరాయికి ఇవ్వడానికి మూడిళ్లవాళ్లు ఒప్పుకోలేదు. నాలుగో ఇంటి అవ్వ మాత్రం నా ఊరు, పేరు ఏమీ అడగకుండా, "చిలుకంటే భయమా?" అని అడిగింది. లేదన్నాను. గది దొరికింది. అవ్వకు నస్రుల్లాబాద్ దగ్గర పొలం, పొలం దగ్గర కొడుకు సంసారం ఉన్నాయి. ఊళ్లో ఇంట్లో మాత్రం ఆమే, ఆమె చిలుక మిట్టు. వంటగది మా ఇద్దరిదీ. వెనక రేకుల కింద ఆమె కట్టెల పొయ్యి, లోపల నా కిరసనాయిలు పంపు స్టౌ, ఆ లోపలి గది కిటికీ దగ్గరే మిట్టు పంజరం. (బయట వేలాడదీస్తే పిల్లులు ఊరుకోవు.)

జూన్ 18, మంగళవారం. బొంబాయిలో పనిచేసే మా అన్నయ్య నుంచి పార్సెల్ వచ్చింది. ముద్ర కొట్టింది నేనే, తీసుకుంటున్నట్టు సంతకం పెట్టిందీ నేనే. విప్పితే నల్లటి పెనం, ఒక కట్టె గరిటె, ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనం లేని ఇల్లు లేదు గానీ, అప్పటికి మా వాడలో ఎవరూ దాన్ని చూడలేదు. రెండు రాత్రులు కూర్చుని ఆ కాగితాన్ని తెలుగులోకి మార్చాను. మొత్తం పదకొండు నియమాలు తేలాయి. ఒక అట్ట మీద నీలం సిరాతో, అంకెలు మాత్రం ఎర్ర సిరాతో రాసి, వంటగది గోడకు మేకు కొట్టి తగిలించాను. అవ్వకు చదువు రాదు. అందుకని ముందు పెనం పేరు చెప్పాను. 'నాన్‌స్టిక్' అంటే ఆమెకు తెలియదు కాబట్టి 'అంటని పెనం' అన్నాను.

అవ్వ పెనాన్ని తిప్పి చూసి, "అంటు ముట్టు లేని పెనమా? అయితే మనకన్న నయమే" అంది.

తర్వాత అట్ట మీదున్నవన్నీ చదివి వినిపించాను. మంట చిన్నగా ఉండాలి. ఇనుప అట్లకాడ తగలకూడదు. పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు (ఇది నాలుగోది, గుర్తుంచుకోండి). బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమకూడదు. వేడి పెనం మీద చన్నీళ్లు పోయకూడదు. కడిగాక మెత్తటి పొడిబట్టతో తుడవాలి (ఇది ఏడోది, ఇదీ గుర్తుంచుకోండి). అరవై ఏళ్లుగా ఇత్తడిని, ఇనుమును బూడిద పెట్టి తళతళలాడించిన మనిషి అంతా ఓపికగా విని ఒకటే మాట అడిగింది. "మంట వద్దు, ఇనుము వద్దు, బూడిద వద్దు, సన్నీళ్లు వద్దు. ఇది పెనమా, బాలింతనా?"

కానీ అవ్వ ఆ నియమాలన్నీ పాటించింది. ఒక్కటే ఆమెకు కుదిరేది కాదు. స్టౌ మీద ఏది పెట్టినా మంట పెద్దగా పెట్టేది. జొన్నరొట్టెలు కాల్చిన చెయ్యి, చిన్న మంట అంటే దానికి నమ్మకం లేదు. అందుకని నా గదిలో డైరీ రాసుకుంటూనో, జడ వేసుకుంటూనో "అవ్వా, మంట తగ్గియ్యి" అని కేకేసేదాన్ని. రోజుకు పది సార్లకు తగ్గదు. అప్పటిదాకా మిట్టుకు వచ్చిన మాటలు రెండే. "అవ్వా, బువ్వ" ఒకటి, "ఎవలచ్చిండ్రు" రెండోది. జులై 14న, అంటే పెనం వచ్చిన ఇరవై ఆరో రోజున, మూడో మాట వచ్చింది. "అవ్వా, మంట తగ్గియ్యి." అచ్చం నా గొంతు. చివర్లో నేను తీసే సాగతీత కూడా వదల్లేదు. నా గొంతులో అంత పెత్తనం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇగ నువ్వు ఆఫీసుకు పోయినా నాకు నిమ్మళం లేదు" అంది అవ్వ. మిట్టు మాత్రం స్టౌ వెలిగించినప్పుడే అనేది కాదు, స్టౌ ఆర్పి ఉన్నప్పుడూ అనేది, నిద్రలేచీ అనేది. పదిహేను రోజులకల్లా ఆ మాట మా చెవులకు గడియారం టిక్కుటిక్కులా అయిపోయింది. వినబడేది, కానీ ఎవరూ వినేవాళ్లం కాదు.

ఆగస్టు 11, ఆదివారం. పొలంలో నాట్లు పడుతున్నాయి. అవ్వ ఏడు గంటల బస్సుకు బయల్దేరుతూ, "మిట్టును జర సూస్కో బిడ్డా. వాన కొడితే కిటికి ముయ్యి, దానికి సలి పడది" అని చెప్పి పోయింది. తొమ్మిదిన్నరకు వాన మొదలైంది. చెప్పినట్టే కిటికీ మూశాను. అట్లు పోసుకుని తిని, పెనం కడిగాను. ఏడో నియమం ప్రకారం పొడిబట్టతో తుడవాలి. మూడు రోజుల ముసురుకు ఇంట్లో పొడిబట్ట అన్నది లేదు. తడి పెనాన్ని అట్లాగే వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క నిమిషం స్టౌ మీద పెడితే ఆరిపోతుంది కదా అనుకున్నాను. అట్లా ఏడో నియమం పాటించడానికి నాలుగో నియమం తప్పాను. పెట్టింది పది గంటల ఇరవై నిమిషాలకు.

అంతటితో ఆగినా బాగుండేది. గోడ మీది అట్ట చెమ్మకు ఉబ్బి, ఒక వరసలో సిరా పాకింది. దాన్ని తీసి నా గదిలోకి పట్టుకెళ్లి, కలం తీసుకుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. పాకింది ఏ వరసో చెబితే కల్పించాననుకుంటారు. నాలుగోదే. 'ఖాళీ పెనమును పొయ్యి మీద ఉంచరాదు' అని ఒక్కొక్క అక్షరం ముత్యంలా దిద్దుతున్నాను. పక్క గదిలోంచి మిట్టు "అవ్వా, మంట తగ్గియ్యి" అంది. "ఊకో, నాకెరుక" అన్నాను. మళ్లీ అంది. మళ్లీ అదే జవాబిచ్చాను. మూడోసారి కూడా అంది, ఈసారి కొంచెం బొంగురుగా. నేను 'రాదు' దగ్గర కొమ్ము దిద్దుతూ మరోసారి "ఊకో, నాకెరుక" అన్నాను. తర్వాత అది ఊకుంది.

ఆ ఊకోవడమే నాకు ముందు తెలిసింది, వాసన తర్వాత తెలిసింది. లేచి వెళ్లేసరికి పది ముప్పై మూడు. పెనం నడుమ బూడిదరంగు తిరిగింది. సన్నటి పొగ, గొంతులో గీరుకునే వాసన. మిట్టు పంజరం అడుగున ఉంది, ముక్కు తెరుచుకుని. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. స్టౌ ఆర్పి, కిటికీ తెరిచి, పంజరాన్ని గొడుగు కింద పెట్టుకుని పక్క సందులో ఉండే పశువుల దవాఖాన కాంపౌండర్ అన్న ఇంటికి పరుగెత్తాను. మిట్టు పోతే అవ్వ ముఖం ఎట్లా చూడాలన్నది ఒకటి, మళ్లీ ఆ మూడిళ్ల తలుపులు తట్టాలన్నది రెండోది. ఆ వరసలోనే అనుకున్నానని చెప్పుకోవడానికి ఇష్టపడతాను.

కాంపౌండర్ అన్న పంజరంలోకి తొంగి చూశాడు. "బర్లకు, గొర్లకు మందున్నది గని, గింత పానానికి నా దగ్గర కొలతే లేదు చెల్లె. ఏమైంది?"

వానకు చలి పట్టినట్టుందని చెప్పాను. అయితే పొయ్యి దగ్గర వెచ్చగా పెట్టమన్నాడు. నా అబద్ధం ఆ పక్షిని మళ్లీ అదే స్టౌ దగ్గరికి పంపిస్తోంది. లోపల కొంచెం పొగ కూడా ఉందని నసిగాను.

"సలినా, పొగనా? రెండిట్ల ఒకటి చెప్పు."

"పొగ."

"ఏం పొగ?"

"స్టౌ పొగ" అన్నాను. ఆయన వాన జల్లు తగలని చోట, గాలి ఆడేటట్టు పంజరాన్ని అరుగు మీద పెట్టించాడు. నేను పక్కనే కూర్చుని చేతి గడియారం చూస్తూ ఉన్నాను. నాలుగూ పదికి మిట్టు కడ్డీ మీదికి ఎక్కింది. నాలుగున్నరకు నీళ్లు తాగింది. మాట మాత్రం లేదు. ఐదున్నరకు పంజరాన్ని ఇంటికి తెచ్చాను.

అవ్వ ఆరున్నరకు వచ్చింది. మధ్యాహ్నమంతా నిజాన్ని వాక్యం వాక్యంగా కూర్చిపెట్టుకున్నాను. ఆమె బురద కాళ్లు కూడా కడుక్కోకుండా పంజరం దగ్గరికి పోయి "మిట్టూ" అని పిలిచి, అది పలకకపోతే నా వైపు తిరిగేసరికి, ఆ వాక్యాలన్నీ పోయి "స్టౌ పొగ తగిలింది అవ్వా" అన్నది ఒక్కటే మిగిలింది. "అట్లనా" అంది అవ్వ. ఆ రాత్రి డైరీలో '11-8-85. వాన. స్టౌ పొగ వల్ల మిట్టుకు నలత' అని రాశాను. అట్టను మళ్లీ గోడకు తగిలించి, పెనాన్ని పాత కాగితంలో చుట్టి నా ట్రంకుపెట్టె అడుగున దాచాను. అప్పటికి ఐదేళ్లుగా డైరీ రాస్తున్నాను. ఒక్క తేదీ, ఒక్క అంకె తప్పు రాయలేదు. మొదటిసారి రాసిన తప్పు అది, అదీ తెలిసి తెలిసి.

మర్నాడు అవ్వ స్టౌ రిపేరు మనిషిని పిలిపించింది. ఏ పాపం ఎరగని స్టౌకు పిన్ను, వాషరు, వాటితోపాటు బర్నరు కూడా మారాయి. పని సరిగా చేయమని అవ్వ అతని పక్కనే కూర్చుని మరీ చెప్పింది. "గీ స్టౌ పొగకే మా చిలుక మాట పోయింది" అని వచ్చినవాళ్లందరికీ నా ముందే చెప్పేది. నేను తల వంచుకుని పప్పులో రాళ్లు ఏరేదాన్ని. పెనం ఏదని మాత్రం అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం అదృష్టమనుకున్నానే గాని, వింత అనుకోలేదు. మిట్టు తినేది, తాగేది, కడ్డీ మీద అటూ ఇటూ నడిచేది. పలికేది కాదు. రోజూ ఆఫీసుకు పోయేముందు నాకు వచ్చిన బుజ్జగింపులన్నీ వాడేదాన్ని. అది ఒక కన్నుతో చూసి, తల తిప్పుకునేది.

ఆగస్టు 30, శుక్రవారం, పొద్దున ఏడుంపావు. పందొమ్మిదో రోజు. అవ్వ స్టౌ మీద చాయ్ పెడుతోంది, నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. మిట్టు గొంతు సవరించుకున్నట్టు ఏదో చప్పుడు చేసి, "అవ్వా, మంట తగ్గియ్యి" అంది. గొంతు బొంగురుపోయింది గాని మాట స్పష్టంగా ఉంది. మా ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే అదే గొంతు, అదే సాగతీతతో, "ఊకో, నాకెరుక" అంది. మళ్లీ "మంట తగ్గియ్యి", మళ్లీ "ఊకో, నాకెరుక". మూడుసార్లు, ఆ రోజు ఎట్లా జరిగిందో అట్లాగే, ఒక్కటి కూడా వదలకుండా. డైరీలో నేను వదిలేసింది అది పూర్తిగా చదివి వినిపించింది.

అవ్వ చాయ్ దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఎప్పుడన్నవ్ బిడ్డా గా మాట?"

అంతా చెప్పాను. పది ఇరవై నుంచి పది ముప్పై మూడు దాకా, పొడిబట్ట సంగతీ, అట్ట మీద నాలుగో వరస సంగతీ. పెనం తెచ్చి ముందు పెట్టాను. అవ్వ దానివైపు చూడనైనా చూడలేదు.

"ఎరుకే. నువ్వు ఆఫీసుకు పోయినంక నీ గది ఊడిస్తుంటే వాసనొచ్చింది, పెట్టె తెరిచి సూశ్న. నువ్వెప్పుడు చెప్తవో అని సూస్తున్న."

మరి స్టౌ ఎందుకు బాగు చేయించావని అడిగాను.

"నువ్వు స్టౌ అంటివి గద. నీ మాట ఎట్ల కాదంట?" చాయ్ వడపోసి నా చేతికిచ్చి, గోడ మీది అట్ట వైపు గడ్డంతో చూపించింది. "గింతకు ముందు పదకొండు రాసినవ్ గద. ఇంకొకటి రాయి. చిలుక చెప్తే ఇనాలె."

రాశాను. పన్నెండు అంకె ఎర్ర సిరాతో, మాట అవ్వ చెప్పినట్టే. డైరీలో ఆగస్టు 11న రాసింది కొట్టేయకుండా, కింద సరైన సంగతి రాసి, దిద్దిన తేదీ వేశాను. అతిగా కాగిన ఆ పెనం పూత నుంచి వచ్చే ఆవిరి పక్షులకు ప్రాణాంతకమని చాలా ఏళ్ల తర్వాత ఒక పశువుల డాక్టర్ చెబితే తెలిసింది. ఆ నాలుగు పేజీల కాగితంలో ఆ మాట లేదు. మిట్టు బతకడం నా అదృష్టం, నా జాగ్రత్త కాదు. దాని గొంతు మళ్లీ మునుపటిలా కాలేదు. 1988లో నాకు బదిలీ అయినప్పుడు అట్ట తీసుకుపోతానంటే అవ్వ ఇవ్వలేదు. చదువు రాని మనిషివి నీకెందుకంటే, "నాకు చదివేటోడున్నడు" అని పంజరం వైపు చూపించింది.

ఇప్పుడు నా వంటింట్లో కిటికీ తెరవకుండా పొయ్యి వెలగదు, పూత గీసుకుపోయిన పెనం ఉండదు. ఈ సంగతులు ఇంట్లో అందరికీ చెప్పి చెప్పి విసిగించాను. నిన్న పెనం పొయ్యి మీద పెట్టి, పిండి కోసం వెళ్లి, అక్కడే ఏదో తేదీ గుర్తుకొచ్చి నిలబడిపోయాను. ముందు గదిలోంచి కోడలు "అత్తమ్మా, పెనం ఖాళీగ కాలుతుంది" అంది. "ఊకో, నాకెరుక" అన్నాను. వయసుతో నా గొంతు బొంగురుపోయింది. ఆ మాట నేనన్నట్టు లేదు, మిట్టు అన్నట్టే ఉంది. పిండి గిన్నె అక్కడే పెట్టి వెళ్లి, మంట తగ్గించాను.