మామ ముందు ఎర్రజెండా

ఆ ఏడు వరద మానవపాడు వెళ్ళే రోడ్డు మీది కల్వర్టును ఒక పక్క కొరికేసింది. మిగిలిన పక్క ఒక బండి పోతుంటే దాని నీడకు కూడా చోటు లేదు. వాహనాలను ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి వదలడం ఊరివాళ్ళకు నేర్పమని బడిలో డ్రిల్ సారునైన నన్ను పంపారు.

"ఒక కొసన పచ్చజెండా లేస్తే రెండో కొసన ఎర్రజెండా లేవాలి. వచ్చేది ఎవరైనా సరే!" అని గొంతు పోయేదాకా అరిచాను. కృష్ణలో చేపలు కూడా ఆగి ఉంటాయి. వాలంటీర్లుగా వచ్చిన ఊరివాళ్ళు మాత్రం తలలూపారు. తలలూపడంలో మా జిల్లాకు ఎదురు లేదు.

మర్నాడు అవతలి కొసన సైకిల్ షాపు భాయ్ పచ్చజెండా ఊపి బస్సును వదిలాడు. ఇవతల ఎర్రజెండా పట్టుకున్నది ఒక మిరప రైతు. సరిగ్గా అప్పుడే అతనికి పిల్లనిచ్చిన మామ ట్రాక్టర్ మీద వచ్చాడు. మనవాడు జెండాను వీపు వెనక దాచేసి, నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు.

"మంచిగున్నవా మామా!"

మామ మురిసిపోయి కల్వర్టు ఎక్కేశాడు. నేను ఈల మింగినంత పనైంది. బస్సూ ట్రాక్టరూ నడుమ ముక్కూ ముక్కూ రాసుకున్నాయి. బస్సులోని ఆడవాళ్ళు ముక్కోటి దేవతలనూ పిలిచారు, బీచుపల్లి ఆంజనేయుణ్ణయితే రెండుసార్లు. "జర పైలం, జర పైలం" అంటూ భాయ్ వెనక నడిచి బస్సును అంగుళం అంగుళం వెనక్కి తీయించి తన ఒడ్డుకు చేర్చాడు.

ట్రాక్టర్‌ను ఆవలి ఒడ్డున ఆపి, మామ నడుచుకుంటూ వెనక్కి వచ్చి అల్లుడి మీద లేచాడు.

"నన్నెందుకు ఆపలే అల్లుడా? పానం పోతుండె గద!"

"నిన్ను ఆపితె నీ బిడ్డ నన్ను ఇంట్లకు రానిస్తదా మామా?"

ఇక మామల బెడద ఉండదని రైతును అవతలి కొసకు మార్చాను. నా తెలివి మండ! సాయంత్రం మామ అటునుంచే తిరిగొచ్చాడు. ఇటునుంచి గర్భిణితో ఆటో బయలుదేరి ఉంది. రైతు ఒకసారి ఆటోను చూశాడు, ఒకసారి మామను చూశాడు, కళ్ళు గట్టిగా మూసుకుని ఎర్రజెండా ఎత్తాడు. ట్రాక్టర్ ఆగింది. ఆటో క్షేమంగా దాటింది.

పచ్చజెండా లేచింది. ట్రాక్టర్ కదల్లేదు.

"గింతమంది ముందట అల్లుడు నన్ను ఆపుతడా? నేను పోను!"

వెనక లారీల హారన్లకు ఆకాశానికి చిల్లులు పడ్డాయి. ఆపడమెలాగో నేర్పాను గానీ, అలిగిన మామను కదిలించడం నాకే రాదు.

"రాత్రికి కోడి కోస్త, మా ఇంటికి రా మామా. జర బండి తియ్యి."

మామ మీసం దువ్వాడు.

"నాటుదేనా?"

జవాబు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు.